కుందేలు కిడ్నీకి స్కాన్: పైసలు పెట్టాలా, వద్దా?

మూగజీవాల ముచ్చట

కిందటి నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు కోళ్ళ గురించి, ఒకటి మేక గురించి, ఒకటి కుందేలు గురించి. కోళ్ళ సంగతి వచ్చే నెల రాస్తాను. కుందేలు ఉత్తరం మాత్రం ఆగేది కాదు.

రాసింది బీడీలు చుట్టే ఒక అక్క. పెనిమిటి సాంచెల మీద పని చేస్తాడు. ఆమె రాసినట్టే ఇస్తున్నాను: "అన్నా, మా చిన్నబిడ్డ పెంచుకునే కుందేలుకు అయిదేండ్లు. ఆడది. దసరా నాటికి రెండున్నర కిలోలు ఉండె, ఇప్పుడు రెండు కిలోలే తూగింది. నీళ్ళు మస్తు తాగుతుంది, పావులీటరు సీసా రోజుకు రెండు సార్లు నింపుతున్న. గడ్డి సగమే తింటుంది. డాక్టర్ సాబ్ కిడ్నీకి స్కాన్ తీయాలె అన్నడు. స్కాన్ అంటే కడుపుతోని ఉన్నోళ్ళకు గదా తీస్తరు? కుందేలుకు స్కాన్ ఏందని మా ఇంటాయన కోపం చేస్తుండు. వారం పగారుల సగం పోతదట. బిడ్డ ఏమో బువ్వ తింటలేదు. ఏం చేయాలె?"

అక్కా, మీ ఇంటాయన కోపంలో న్యాయం ఉంది. మీ డాక్టరు మాటలోనూ ఉంది. ఆ స్కాన్ ఏం చూపిస్తుందో, ఏం చూపించదో తెలిస్తే పైసలు పెట్టాలా వద్దా అన్నది మీకే తెలుస్తుంది.

ముందు మీరు రాసిన లెక్క చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న కుందేలు కిలో బరువుకు రోజుకు 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా నీళ్ళు తాగుతుంది. రెండు కిలోల కుందేలు ఎంత తాగినా 300 దాటకూడదు. మీది 500 తాగుతోంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటినప్పుడు మన ఊళ్ళో ఏ ప్రాణమైనా ఎక్కువే తాగుతుంది, రేకుల కింద ఉన్న ఇంట్లో మరీను. కానీ మీ ఉత్తరం చలికాలంలో రాసింది. పైగా బరువు అయిదో వంతు పడిపోయింది. నీళ్ళు ఎక్కువ తాగటం, చిక్కిపోవటం, తిండి మీద మనసు తప్పటం, ఈ మూడూ ఒక్కచోట కలిస్తే కిడ్నీని అనుమానించాల్సిందే. పండ్లు పెరిగి నోరు నొప్పి పుట్టినా కుందేలు చిక్కిపోతుంది, అందుకని డాక్టరు నోరు కూడా చూశాడో లేదో అడగండి. ఆ నీళ్ళ సీసా కారుతున్నదేమో, అదీ ఒకసారి చూసుకోండి. సీసా కింద చిప్ప పెట్టి రాత్రంతా ఉంచితే తెలిసిపోతుంది.

కుందేలు కిడ్నీ మిగతా జంతువుల కిడ్నీ లాంటిది కాదు. మనమైనా, కుక్కైనా, పిల్లైనా తిండిలోని సున్నపు ధాతువును, అదే కాల్షియంను, ఒంటికి కావలసినంత మేరకే పేగులతో పీల్చుకుంటాం. మిగిలింది పెంటలో పోతుంది. చెవులపిల్లి తీరు వేరు. తిండిలో ఎంత ఉంటే దాదాపు అంతా పీల్చేసుకుని, ఎక్కువైనదాన్ని కిడ్నీ గుండా ఉచ్చలో బయటికి తోస్తుంది. ఇతర జంతువుల్లో అలా ఉచ్చలో పోయే కాల్షియం నూటికి రెండు పాళ్ళు కూడా ఉండదు. కుందేల్లో సగం దాకా పోతుంది. అందుకే దాని ఉచ్చ ఎప్పుడూ మజ్జిగ తేటలా మసకగా ఉంటుంది, ఆరిపోతే సున్నం మరకలా తెల్లగా మిగులుతుంది. ఇది రోగం కాదు, దాని పుట్టుక గుణం. కానీ నీళ్ళు తక్కువ తాగి, కాల్షియం ఎక్కువున్న తిండి తింటూ, చిన్న బోనులో కదలకుండా కూర్చుంటే ఆ సున్నం ముద్ద కట్టే వీలుంటుంది. ఉచ్చ సంచిలో బురదలా పేరుకోవచ్చు, కిడ్నీలోనే రాయి కట్టవచ్చు.

ఉచ్చ ఎర్రగా పోస్తోందని కంగారుగా వచ్చేవాళ్ళు చాలామంది. క్యారెట్, బీట్‌రూట్, కొన్ని ఆకులు తిన్నప్పుడు కుందేలు ఉచ్చ నారింజ రంగులోనో, ఎర్రగానో, ఇటుక పొడి కలిపినట్టో రావచ్చు. అది నెత్తురు కాదు. పట్టీ ముంచి చూసే చిన్న పరీక్ష ఉంటుంది, నెత్తురో రంగో నిమిషంలో తేలుతుంది. స్కాన్ కంటే ముందు ఆ పరీక్ష చేయించండి, చాలా చౌక.

ఇక స్కాన్ అంటే ఏమిటో చెప్తాను. ఇది మన మిల్లు పనికి దూరపు చుట్టమే. 1955లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో ఇయాన్ డోనాల్డ్ అనే కాన్పుల డాక్టరు ఉండేవాడు. ఆ ఊరి దగ్గరే రెన్‌ఫ్రూలో బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ అనే బాయిలర్ల కంపెనీ ఉండేది. బాయిలర్ అతుకుల్లో కంటికి కనపడని పగులు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఆవిరి ఒత్తిడికి పేలుతుంది, మిల్లులో పని చేసినవాళ్ళకు ఆ భయం తెలుసు. ఆ పగుళ్ళు పట్టటానికి ఆ కంపెనీలో ఒక మిషను వాడేవారు. మన చెవికి వినపడని శబ్దాన్ని ఇనుములోకి పంపి, అది ఎక్కడ తగిలి వెనక్కి వస్తోందో చూసే మిషను. డోనాల్డ్ ఆపరేషన్లలో తీసిన గడ్డలను కారు డిక్కీలో పెట్టుకుని ఆ కార్ఖానాకు పోయాడు. పోల్చి చూడటానికి కంపెనీ వాళ్ళు పెద్ద మాంసం ముక్క తెప్పించి పెట్టారు. ఇనుములో పగులు కనిపించినట్టే మాంసంలో నీటి గడ్డకూ, గట్టి గడ్డకూ తేడా కనిపించింది. 1958లో ఆయన, తోటివాళ్ళు కలిసి 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో దాని గురించి రాశారు. మన ఆడవాళ్ళకు ఇవాళ తీసే స్కాన్‌కు పునాది అది.

కాబట్టి స్కాన్ కడుపుతో ఉన్నవాళ్ళకే అన్నది మన ఊళ్ళో పడిపోయిన మాట. దవాఖాన గోడ మీద ఆడా మగా చెప్పబడదు అని రాసిన బోర్డు చూసి చూసి అట్లా అనుకుంటాం. ఆ బోర్డు 1994 నాటి చట్టం వల్ల వచ్చింది. శబ్దానికి మాత్రం బిడ్డా, కిడ్నీ అన్న తేడా లేదు. తోలు, కొవ్వు, మాంసం, నీళ్ళు, రాయి, గాలి, ఒక్కోటి శబ్దాన్ని ఒక్కో తీరుగా తిప్పి కొడుతుంది. మిషను ఆ తిరిగొచ్చిన శబ్దాన్ని తెలుపు, బూడిద, నలుపు రంగుల్లో బొమ్మ కడుతుంది. నీళ్ళు, ఉచ్చ నల్లగా కనపడతాయి. రాయి తెల్లగా మెరుస్తుంది, శబ్దం దాన్ని దాటి పోలేదు కాబట్టి దాని వెనక నల్లటి నీడ పడుతుంది. ఆ నీడే రాయికి సాక్ష్యం. గాలి అయితే శబ్దాన్ని అసలు పోనివ్వదు.

కుందేలు స్కాన్‌లో అసలు ఇబ్బంది ఈ గాలితోనే. దాని పొట్టలో సగం జాగా పెద్దపేగు సంచిదే. గడ్డి పులిసి అక్కడ గాలి పుడుతూనే ఉంటుంది. కింద నుంచి పొట్ట మీద ప్రోబ్ పెడితే గాలి అడ్డం వచ్చి కిడ్నీ కనపడకపోవచ్చు. తెలిసిన డాక్టరు నడుం పక్క నుంచి, చివరి పక్కటెముకల వెనక నుంచి చూస్తాడు. కుడి కిడ్నీ ముందుకు, కార్జాన్ని ఆనుకుని ఉంటుంది. ఎడమది కొంచెం వెనక్కి, వదులుగా వేలాడుతుంది. బాగా బలిసిన కుందేళ్ళలో చుట్టూ కొవ్వు ఉండి ఎడమది ఇంకా కిందికి జారి ఉంటుంది.

ప్రోబ్ విషయంలోనూ తేడా ఉంది. నూలులో 20 నంబరు ముతక, 80 నంబరు సన్నం కదా, అట్లాగే శబ్దంలో కూడా నంబరు పెరిగే కొద్దీ బొమ్మ సన్నగా, తేటగా వస్తుంది, కానీ లోతుకు పోదు. బర్రెకు వాడే ప్రోబ్ ముతకది. కుందేలు కిడ్నీ తోలు కింద రెండు మూడు సెంటీమీటర్ల లోపే ఉంటుంది, మొత్తం పొడవే మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ. దానికి సెకనుకు 70, 80 లక్షల సార్లకు మించి అదిరే సన్నటి ప్రోబ్ కావాలి. కుక్కలకు, పిల్లులకు స్కాన్ చేసే చోట సాధారణంగా అలాంటిది ఉంటుంది. పశువులకు గర్భం చూసే మిషను ఒక్కటే ఉన్నచోట కుందేలును పెట్టి లాభం లేదు. ముందే ఫోన్ చేసి, కుందేళ్ళకు చేస్తారా, చిన్న ప్రోబ్ ఉందా అని అడగండి. అడగటానికి సిగ్గు పడొద్దు, పైసలు మనవి.

మటన్ దుకాణంలో గుర్దా కోసినప్పుడు చూశారు కదా, అంచు చుట్టూ ఒక రంగు, లోపల ముదురు రంగు, నడుమ తెల్లటి కొవ్వు. స్కాన్ బొమ్మలోనూ దాదాపు అట్లాగే కనపడాలి. బాగున్న కుందేలు కిడ్నీ చిక్కుడు గింజలా నున్నగా ఉంటుంది. బయటి పొర బూడిద రంగు, లోపలి పొర అంతకంటే నల్లన, నడుమ తెల్లటి గీత. రెండు పొరల మధ్య సరిహద్దు తేటగా ఉండాలి. రెండు కిడ్నీలూ ఇంచుమించు ఒకే సైజు ఉండాలి.

చెడినప్పుడు ఆ బొమ్మ మారుతుంది. చాలాకాలంగా ఎండిపోతున్న కిడ్నీ చిన్నదై, అంచు గుంటలు పడి, అంతా ఒకే తెల్లదనం వచ్చి పొరలు కలిసిపోతాయి. రాయి ఉచ్చ దారికి అడ్డం పడితే వెనక ఉచ్చ నిలిచి కిడ్నీ నడుమ నల్లటి చెరువులా ఉబ్బుతుంది. గుండ్రంగా, పలుచని గోడతో నల్లగా ఉంటే నీటి బుడగ. కొన్నిసార్లు గడ్డలు కూడా ఉంటాయి. ఇవన్నీ రక్తపరీక్షలో తెలిసేవి కావు. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీ పనిలో నాలుగింట మూడు వంతుల దాకా అప్పటికే పోయి ఉంటుంది. ఒక కిడ్నీలో రాయి ఉబ్బుతున్నా రెండోది బాగుంటే రక్తం మామూలుగానే ఉండొచ్చు. అక్కడ స్కాన్‌ది పైచేయి.

కానీ అటు వైపు కూడా చెప్పాలి. స్కాన్ కిడ్నీ రూపాన్ని చూపిస్తుంది, పనిని చూపించదు. మిల్లు బయట నుంచి చూస్తే గోడలు, చిమ్నీ నిలబడే ఉంటాయి, లోపల ఎన్ని సాంచెలు నడుస్తున్నాయో బయటి నుంచి ఎట్ల చెప్తాం? బొమ్మలో కిడ్నీ చక్కగా కనపడి లోపల పని కుంటుపడిన కుందేళ్ళు ఉంటాయి. బొమ్మలో గుంటలు పడి ఉన్నా హాయిగా గడ్డి తిని గంతులేసేవీ ఉంటాయి. అందుకే ఒక్క స్కాన్ కాగితం పట్టుకుని కిడ్నీ పోయిందనీ, బాగుందనీ తీర్పు చెప్పేవాళ్ళను నేను నమ్మను. రక్తం, ఉచ్చ, స్కాన్, ఇంట్లో మీరు చూసిన గుర్తులు, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడాలి. నాలుగింటికీ పైసలు లేకపోతే? అది తర్వాత చెప్తాను.

గుంటలు పడిన కిడ్నీల ముచ్చట వచ్చింది కాబట్టి ఒక రోగం గురించి చెప్పకుండా దాటలేను. ఎన్‌సెఫాలిటోజూన్ కునిక్యులి అని నోరు తిరగని పేరు. కంటికి కనపడని పరాన్నజీవి. కుందేళ్ళలో దీన్ని 1922లోనే గుర్తించారు. కిడ్నీలో, మెదడులో, కంట్లో చేరుతుంది. మెడ ఒక పక్కకు తిరిగిపోయిన కుందేలును మీరెప్పుడైనా చూసి ఉంటే దానికి ఈ రోగం ఒక కారణం కావొచ్చు. వ్యాధి ఉన్న కుందేలు ఉచ్చలో దీని గింజలు పడతాయి, వారాల తరబడి బతుకుతాయి, వాటి మీద పడిన గడ్డి తిన్న ఇంకో కుందేలుకు అంటుతుంది. తల్లి నుంచి పిల్లలకూ వస్తుంది. సంతలో ఒకే బుట్టలో కుక్కి అమ్మే కుందేళ్ళ మధ్య ఎట్లా పాకుతుందో చెప్పక్కర్లేదు. స్కాన్‌లో కిడ్నీ అంచు గుంటలు పడి కనిపిస్తే డాక్టరు దీన్ని అనుమానిస్తాడు. అనుమానమే, రుజువు కాదు. రోగం వచ్చి ఎప్పుడో మానిపోయినా మచ్చలు మిగులుతాయి. రక్తంలో దీనికి ఎదురు నిలిచే పదార్థం కనపడ్డా, ఎప్పుడో తగిలిందని తెలుస్తుంది గానీ ఇప్పుడున్న బాధకు అదే కారణమని తేలదు. దీనికి ఫెన్‌బెండజోల్ మందు 28 రోజులు ఇస్తుంటారు. మేకలకు నులిపురుగుల కోసం పోసే మందే అది. ఇంట్లో సీసా ఉంది కదా అని మీరే పోయకండి. మోతాదు మించితే ఎముక మూలుగ చెడి కుందేలు చచ్చిపోతుంది.

మనుషులకు అంటుతుందా? ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి బాగా తగ్గినవాళ్ళకు అంటే అవకాశం ఉంది. హెచ్‌ఐవి ఉన్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి చేయించుకుని మందులు వాడేవాళ్ళు, క్యాన్సర్ మందుల మీద ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే కుందేలు బోను శుభ్రం చేసే పని వాళ్ళకు ఇవ్వొద్దు. మిగతావాళ్ళు చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. బోను కింది తట్టను మరిగే నీళ్ళతో కడగండి. ఒక్క గదిలో అయిదుగురు పడుకునే ఇళ్ళు మనవి, బోను బియ్యం డబ్బా పక్కన మాత్రం పెట్టకండి.

స్కాన్‌కు తీసుకుపోయే రోజు ఏం చేయాలి? మనుషులకు పరగడుపున రమ్మంటారు, కుక్కకూ రాత్రి నుంచి తిండి ఆపమంటారు. కుందేలుకు మాత్రం తిండి ఆపకూడదు. దాని పేగు ఎప్పుడూ నడుస్తూనే ఉండాలి, ఆగితే ఆ ఆగటమే ప్రాణం మీదికి తెస్తుంది. సగం రోజు ఏమీ తినకపోతే అప్పుడే దవాఖానకు పరుగెత్తాల్సిన సంగతి అది. ఎవరైనా కౌంటర్ దగ్గర ఖాళీ కడుపుతో తెమ్మని చెప్తే, కుందేలు అని మళ్ళీ గుర్తు చేసి డాక్టరునే అడగండి. బుట్టలో పాత తువ్వాలు పరిచి, అది రోజూ తినే గడ్డి గుప్పెడు వేసి తీసుకుపోండి. జత కుందేలు ఉంటే దాన్నీ తీసుకుపోండి, భయం తగ్గుతుంది. కుక్కలు మొరిగే గదిలో కింద పెట్టకండి, ఒళ్ళో పెట్టుకుని పైన గుడ్డ కప్పండి.

ప్రోబ్ ఆనే చోట వెంట్రుకలు గొరగాలి. కుందేలు తోలు పేపర్ లాంటిది, మిషను తొందరగా తిప్పితే చిరిగిపోతుంది. నెమ్మదిగా, రెండు పక్కలా అరచేయంత జాగా చాలు. జెల్ చల్లగా ఉంటుంది, చేతిలో వెచ్చచేసి రాయమనండి. అన్నింటికన్నా ముఖ్యం పట్టుకోవటం. కుందేలు వెనక కాళ్ళలో బలం ఎక్కువ, వెన్నెముక పలుచన. భయంతో ఒక్క తన్ను తన్నితే తన నడుం తనే విరగ్గొట్టుకుంటుంది. వెనక భాగం కింద ఎప్పుడూ చెయ్యి ఆధారంగా ఉండాలి. వెల్లకిలా పడుకోబెడితే కదలకుండా పడి ఉంటుంది, నిద్రపోయిందని నవ్వుతారు. అది నిద్ర కాదు, భయంతో బిగుసుకుపోవటం. కూర్చోబెట్టో, పక్కకు వాల్చో చూడగలిగితే అదే మేలు. మామూలుగా మత్తు అవసరం లేదు, పావుగంటలో అయిపోతుంది. నడుమ నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అక్కడికక్కడ ఆపమనండి. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, నోరు తెరిచిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే.

అక్కా, మీది ఆడ కుందేలు, అయిదేళ్ళది, పిల్లల సంచి తీయించలేదనుకుంటాను. ఆ వయసు ఆడ కుందేళ్ళలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ. కాబట్టి ఎలాగూ స్కాన్ చేస్తే కిడ్నీతో ఆపకుండా ఉచ్చ సంచి, గర్భసంచి కూడా చూడమని ముందే చెప్పండి. అదే జెల్, అదే పావుగంట. ఉచ్చలో కనపడే నెత్తురు ఒక్కోసారి అక్కడి నుంచి వస్తుంది.

ఇప్పుడు పైసల మాట. నా లెక్క ఇది. స్కాన్ జవాబును బట్టి మీరు చేసే పని మారుతుందంటే స్కాన్ చేయించండి. ఏ జవాబు వచ్చినా చేసేది ఒకటే అయితే వద్దు, ఆ పైసలు మందుకూ గడ్డికీ పెట్టండి. మీ కుందేలు సంగతిలో ముందు ఉచ్చ పరీక్ష, రక్త పరీక్ష చేయించండి. ఉచ్చ పోయటానికి ముక్కుతూ, వీపు వంచి, పండ్లు కొరుకుతూ ఉంటే రాయి అనుమానం. అప్పుడు ముందు ఎక్స్‌రే, ఎందుకంటే కుందేలు రాళ్ళు కాల్షియంవి, ఎక్స్‌రేలో తెల్లగా దొరికిపోతాయి, ఖర్చూ సాధారణంగా తక్కువ. రాయి కనపడితే అది దారిని మూసిందా, కిడ్నీ ఉబ్బిందా అని చూడటానికి స్కాన్ తప్పదు, ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది దాన్ని బట్టే. క్రియాటినిన్ పెరిగి, రాయి గుర్తులు లేకపోయినా ఒక్కసారి స్కాన్‌కు విలువ ఉంది. ఒక్క కిడ్నీ చెడిందా, రెండూనా, తీయగల గడ్డ ఉందా అన్నది తెలుస్తుంది. రెండూ ఎండిపోయాయని ఒకసారి తేలిన తర్వాత ప్రతి నెలా స్కాన్ చేయించటం మాత్రం దండగ. మచ్చలు వెనక్కి పోవు. ఆ తర్వాత నెలనెలా చూడాల్సింది బరువు, తిండి, నీళ్ళు. కిరాణా కాటా చాలు దానికి.

రెండు కిడ్నీలూ దెబ్బతిన్నా వెంటనే అంతా అయిపోయినట్టు కాదు. తోలు కింద సెలైన్ ఎక్కించటం డాక్టరు నేర్పితే ఇంట్లోనే చేయొచ్చు, బీడీ ఆకు కత్తిరించే చేతులకు అది కష్టం కాదు. సీసా తీసేసి బరువైన మట్టి చిప్పలో నీళ్ళు పెట్టండి, కుందేలు చిప్పలో ఎక్కువ తాగుతుంది. కడిగిన ఆకుకూర తడితోనే వేయండి. లూసర్న్ గడ్డి, ఇక్కడ లసూణ్ ఘాస్ అంటారు కదా, దానిలో కాల్షియం ఎక్కువ, పెద్ద కుందేలుకు రోజూ వద్దు. మామూలు ఎండుగడ్డి మాత్రం ఎప్పుడూ ముందుండాలి. కాల్షియం పూర్తిగా మానిపిస్తే పండ్లు, ఎముకలు పాడవుతాయి, కాబట్టి తగ్గించటమే. రొట్టె ముక్కలు, బిస్కెట్లు, చుడువా ముద్దుకు కూడా పెట్టకండి. మనం వేసుకునే నొప్పి గోలీలు అసలే వద్దు, కిడ్నీని ముందుగా కొట్టేవి అవే.

ఎక్కడికి పోవాలి అని చాలామంది అడుగుతారు. పట్నంలో కుక్కల డాక్టర్ల దగ్గర ఇప్పుడు స్కాన్ మిషన్లు ఉంటున్నాయి. అక్కడ కాదంటే పశువైద్య కళాశాలల దవాఖానలు ఉన్నాయి. మన రాష్ట్రంలో సాతారా జిల్లా శిర్వళ్‌లో ఒకటి, లాతూర్ జిల్లా ఉద్‌గీర్‌లో ఒకటి, ముంబై పరేల్‌లో పాతది, 1886 నాటిది. ఆ పరేల్ కళాశాల మొదలైంది బాయి సకర్‌బాయి దిన్‌షా పెటిట్ జంతువుల ఆసుపత్రి ఆవరణలో. సకర్‌బాయి భర్త దిన్‌షా పెటిట్ బొంబాయి మిల్లుల యజమాని. మన ముత్తాతలు ఆ మిల్లుల్లో దారం తీసిన కాలంలోనే గుర్రాలకూ ఎద్లకూ దవాఖాన పడింది. పని చేసే మనుషులకు ఎన్ని దవాఖానలు కట్టారన్నది వేరే ముచ్చట. బెంగుళూరులో చుట్టాలున్నవాళ్ళకు హెబ్బాళలో, చెన్నైలో ఉన్నవాళ్ళకు వేపేరిలో కళాశాలలు ఉన్నాయి. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసే బయల్దేరండి, కుందేలుకు రైలు ప్రయాణం సులువు కాదు.

మీ బిడ్డ సంగతి ఆఖరుకు పెట్టాను. స్కాన్ గదిలోకి ఆమెను కూడా తీసుకుపోండి, కుందేలు తలను ఆమె చేతిలో పెట్టండి. తెర మీద రెండు చిక్కుడు గింజలు చూపించి ఇది కుడిది, ఇది ఎడమది అని డాక్టరునే చెప్పమనండి. పిల్లలు మనం అనుకున్నదానికంటే ఎక్కువ తట్టుకుంటారు, దాచిపెడితేనే బెంగపడతారు. ఒకవేళ రెండూ పోయాయని, బాధ తగ్గించే దారి లేదని డాక్టరు చెప్తే, సూదితో నిద్రపుచ్చటం గురించి మాట వస్తుంది. అప్పుడు ఊరికి పంపించామనో, ఎగిరిపోయిందనో చెప్పకండి. ఆ మాట ఇంట్లో ఎవరు చెప్పాలో మీరూ, మీ ఇంటాయనా ముందే అనుకోండి.

డాక్టరు దగ్గర నుంచి వచ్చేటప్పుడు స్కాన్ కాగితం అడిగి తీసుకోండి. దాని మీద రెండు కిడ్నీల పొడవు, అంచు ఎట్లా ఉంది, పొరలు తేటగా ఉన్నాయా, నడుమ ఉబ్బు ఉందా, రాయి ఉందా అన్నవి రాసి ఉండాలి. లేకపోతే రాయించుకోండి. ఇంకో డాక్టరు దగ్గరకు పోవాల్సి వస్తే అవి ఉంటేనే మళ్ళీ పైసలు పెట్టక్కర్లేదు. ఈలోగా ఇవాల్టి నుంచే రోజూ పొద్దున ఒకే వేళకు కుందేలు బరువు, తాగిన నీళ్ళు ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ కాగితం నకలు నాకూ పంపండి, అక్కా. పత్రిక వచ్చే దాకా ఆగకుండా జవాబు రాస్తాను.